కృష్ణా ఇసుకలో వేడి జాడ: పాతిన మందుపాతరను థర్మల్ కెమెరాతో దూరం నుంచే పట్టుకోవడం ఎలా

2003 అక్టోబర్ 1న అలిపిరిలో క్లెమోర్ మైన్లు పేలినప్పుడు మందుపాతర ఎంత పని చేయగలదో మన రాష్ట్రమంతా చూసింది. ప్రపంచంలో చాలా చోట్ల ఆ భయం ఒక్క రోజుతో పోలేదు. యుద్ధం ముగిసి ఏళ్లు గడిచినా పొలం దున్నే రైతు, కట్టెలకెళ్లిన మనిషి, ఆడుకునే పిల్లలు దాని మీద కాలు వేస్తూనే ఉన్నారు. మందుపాతరల వల్ల, పేలకుండా మిగిలిన యుద్ధ సామగ్రి వల్ల 2023లో కనీసం 5,757 మంది చనిపోయారు లేదా గాయపడ్డారని లెక్క. వారిలో నూటికి ఎనభై మందికి పైగా మామూలు పౌరులే.

మెటల్ డిటెక్టర్ పట్టుకుని మనిషి అంగుళం అంగుళం వెతికే పద్ధతి నేటికీ నమ్మకమైనదే. కానీ అది చాలా నెమ్మది. పైగా ప్లాస్టిక్ మందుపాతరల్లో లోహం నామమాత్రంగా ఉంటుంది. అందుకే ఎక్కడ ముందు వెతకాలో దూరం నుంచే చెప్పగలిగే పద్ధతులకు విలువ ఎక్కువ. థర్మల్ ఇమేజింగ్ అలాంటిది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ విద్యార్థులూ డ్రోన్ పైలట్లూ ఈ పనిని డమ్మీలతో సురక్షితంగా, శాస్త్రీయంగా నేర్చుకోవడానికే ఈ మార్గదర్శి. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదల్లో సింగ్‌నగర్ వైపు డ్రోన్లు అన్నం పొట్లాలు మోయడం చూశాం. అవే డ్రోన్లకు ఈ పని కూడా నేర్పవచ్చు.

మొదలుపెట్టే ముందు మూడు షరతులు. వీటిలో ఒక్కటి కుదరకపోయినా ఈ ప్రాజెక్టు చేయొద్దు.

అసలైన మందుపాతర గానీ, దాని ఖాళీ డబ్బా గానీ, ఏ రకమైన పేలుడు పదార్థం గానీ మీ చేతికి రాకూడదు. ఈ పనికి అవేవీ అక్కర్లేదు.

మందుపాతర ఉందని అనుమానం ఉన్న చోటికి, ముఖ్యంగా ఏజెన్సీ అడవుల్లోకి, ఈ కెమెరా పట్టుకుని సొంతంగా వెళ్లకూడదు. ఎక్కడైనా అనుమానంగా ఏదైనా కనబడితే ముట్టుకోకండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి, దూరం వెళ్లాక 112కి ఫోన్ చేయండి.

థర్మల్ చిత్రంలో ఏమీ కనిపించలేదంటే అక్కడ ఏమీ లేదని అర్థం కాదు. ఎందుకన్నది చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ముందుగా వేడి సంగతి

థర్మల్ కెమెరా నేల లోపలికి చూస్తుందని చాలామంది అనుకుంటారు. అది చూసేది నేల పైపొరనే. 8 నుంచి 14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యంలో ఆ పైపొర నుంచి వచ్చే ఉష్ణ వికిరణాన్ని కొలుస్తుంది. లోపల పాతిన వస్తువు పైపొర ఉష్ణోగ్రతను ఎలా మారుస్తుందన్నదే మన ఆధారం.

పగలు ఎండ నేలను కాలుస్తుంది, ఆ వేడి మెల్లగా కిందికి దిగుతుంది. తడి ఉన్న నేల ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు 1 నుంచి 2 వాట్ల వరకు ఉంటుంది. ప్లాస్టిక్‌దీ, మందుపాతరలో నింపే పేలుడు పదార్థం టీఎన్‌టీదీ 0.2 దరిదాపుల్లోనే. కాబట్టి మందుపాతర దిగుతున్న వేడికి అడ్డం పడుతుంది. వేడి పైనే నిలిచిపోయి, దాని మీది మట్టి చుట్టుపక్కల కంటే కాస్త ఎక్కువ కాలుతుంది. రాత్రి ఇది తిరగబడుతుంది. నేల అడుగు నుంచి పైకి రావాల్సిన వేడి మందుపాతర దగ్గర ఆగిపోతుంది కనుక దాని మీది మట్టి తొందరగా చల్లబడుతుంది. పగలు తెల్లమచ్చగా కనిపించినది రాత్రి నల్లమచ్చ అవుతుంది.

తెల్లమచ్చ నల్లమచ్చగా మారాలంటే మధ్యలో ఎక్కడో రెండూ సమానం కావాలి. రోజుకు రెండుసార్లు, ఉదయం ఎండ ఎక్కుతున్నప్పుడూ సాయంత్రం దిగుతున్నప్పుడూ, మచ్చ పూర్తిగా మాయమవుతుంది. దీన్ని క్రాసోవర్ అంటారు. ఆ సమయంలో తీసిన ఫోటోలో పది మందుపాతరలున్నా ఒక్కటీ కనిపించదు. ఈ పనిలో కెమెరా ధర కంటే గడియారమే ముఖ్యమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

పూర్తిగా ఎండిపోయిన ఇసుకకు ఇంకో చిక్కుంది. దాని ఉష్ణవాహకత కూడా 0.2, 0.3 దగ్గరే, అంటే దాదాపు టీఎన్‌టీతో సమానం. అలాంటి చోట తేడా రావాలంటే డబ్బాలోని గాలి ఖాళీ, వేడిని నిల్వ ఉంచుకునే గుణం, తవ్వకంతో కదిలిన మట్టి తోడవ్వాలి. కృష్ణ ఒడ్డు ఇసుకలో పైన ఎండి, నాలుగు వేళ్ల కింద చెమ్మ తగులుతుంది చూడండి, అది మన ప్రయోగానికి అనుకూలం.

ఇక లోతు. రోజువారీ వేడి అల నేలలోకి దిగేకొద్దీ బలహీనపడుతుంది. ఎండు ఇసుకలో సుమారు 8 సెం.మీ., చెమ్మ నేలలో 12 సెం.మీ. దగ్గర దాని బలం 37 శాతానికి పడిపోతుంది. మన సంకేతం వస్తువు దాకా దిగి మళ్లీ పైకి రావాలి కనుక నష్టం రెండింతలు. 8 సెం.మీ. లెక్కన సరళంగా గుణిస్తే 2 సెం.మీ. లోతున పాతినదాని సంకేతం 60 శాతం మిగులుతుంది, 5 సెం.మీ. దగ్గర 29 శాతం, 10 సెం.మీ. దగ్గర 8 శాతం, 15 సెం.మీ. దగ్గర 2 శాతం. లోతు పెరిగేకొద్దీ మచ్చ బాగా కనిపించే వేళ కూడా గంటల కొద్దీ ఆలస్యమవుతుంది.

స్పష్టమైన సమాచారం లేని చోట 13 సెం.మీ. లోతు దాకా శుభ్రం చేయాలని అంతర్జాతీయ మైన్ యాక్షన్ ప్రమాణాలు అడుగుతాయి. పై లెక్కలతో పోల్చి చూస్తే థర్మల్ ఒక్కటే ఆ పని పూర్తి చేయలేదని తేలిపోతుంది. ఎక్కడ ముందు వెతకాలో చెప్పే సర్వే సాధనంగానే దీన్ని వాడాలి.

తవ్విన మట్టి కథ వేరు. గుంట తీసి పూడ్చినప్పుడు మట్టి గుల్లబడుతుంది, కింది సన్నని రేణువులు పైకి వస్తాయి. ఇసుకలోని క్వార్ట్జ్ 8 నుంచి 9.5 మైక్రాన్ల మధ్య ప్రత్యేకంగా ప్రవర్తిస్తుంది కాబట్టి కదిలిన ఇసుక కదలని ఇసుక కంటే భిన్నంగా కనిపిస్తుంది. కొత్తగా పాతిన మందుపాతరల విషయంలో చాలాసార్లు కెమెరా పట్టేది ఈ తవ్వకం జాడనే. గట్టి వాన ఒకటి రెండు పడితే ఆ జాడ చెరిగిపోతుంది. ఏళ్ల నాటి మందుపాతరకు అది అసలే ఉండదు. ఈ రెండు సంకేతాలనూ విడదీయకుండా చేసిన ప్రయోగానికి విలువ లేదు.

అడుగు 1: నేల, నెల

మన ప్రాంతంలో మూడు రకాల నేలలు దగ్గర దగ్గరే దొరకడం అదృష్టం. కృష్ణ ఒడ్డు ఇసుక, గుంటూరు వైపు నల్లరేగడి, కొండల పక్క ఎర్రమట్టి. ఇసుకతో మొదలుపెట్టండి. పైభాగం ఒకే తీరుగా ఉంటుంది, గడ్డి తక్కువ. నల్లరేగడి చివరికి పెట్టుకోండి. వేసవిలో అది నెర్రెలు విచ్చుతుంది. ప్రతి నెర్రె థర్మల్ చిత్రంలో ఒక గీతలా కనిపించి మచ్చలను మింగేస్తుంది. తడిస్తే బంకలా మారి ఆరడానికి రోజులు పడుతుంది. గరిక, తుంగ మొలిచిన చోట, అవి బెత్తెడు ఎత్తున్నా సరే, కెమెరాకు నేల బదులు ఆకులే కనిపిస్తాయి.

నది మధ్య తిన్నెల మీద ప్రయోగం పెట్టొద్దు. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే దిగువ తిన్నెలు మునుగుతాయి, పైగా అది ప్రభుత్వ భూమి. తెలిసిన రైతు పొలం గట్టునో కాలేజీ ఖాళీ స్థలంలోనో పది మీటర్ల చదరం చూసుకుని, కావాలంటే అక్కడే ఇసుక తోలించుకోండి. చెట్టు నీడ, గోడ నీడ రోజులో ఏ వేళా పడకూడదు. చుట్టూ కంచె తప్పనిసరి. కుక్క ఒకటి రాత్రి నడిచి వెళ్లినా పాదముద్రలు తెల్లారి చిత్రంలో చుక్కలుగా తేలతాయి.

సంక్రాంతి పోయాక, ఎండలు ముదరక ముందు, అంటే ఫిబ్రవరి నుంచి మార్చి సగం దాకా మంచి కాలం. ఆకాశం తేటగా ఉంటుంది, పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రత తేడా బాగుంటుంది. డిసెంబర్, జనవరి పొద్దుల్లో మంచు కురిసి నేలంతా తడి చేసి తేడాను చెరిపేస్తుంది. మబ్బు పట్టిన రోజు, సెకనుకు మూడు మీటర్లకు మించి గాలి వీచే రోజు కెమెరా బయటికి తీయకండి.

అడుగు 2: డమ్మీల తయారీ

మనుషుల కోసం పాతే మందుపాతరలు ఎక్కువగా 5 నుంచి 15 సెం.మీ. వ్యాసంలో ఉంటాయి. ట్యాంకుల కోసం పాతేవి 20 నుంచి 35 సెం.మీ. దాకా. సోవియట్ టీఎం-62 వ్యాసం సుమారు 32 సెం.మీ.

చిన్నవాటికి పైపుల షాపులో దొరికే నాలుగంగుళాల పీవీసీ ఎండ్ క్యాప్ సరిపోతుంది. అసలు వ్యాసం 110 మి.మీ. పెద్దవాటికి ఇరవై లీటర్ల ఖాళీ పెయింట్ డబ్బాను పది సెం.మీ. ఎత్తున కోసుకోండి. లోపల నింపేది టీఎన్‌టీ ఉష్ణ గుణాలకు దగ్గరగా ఉండాలి. అచ్చులు పోసే సిలికాన్ రబ్బరు దీనికి బాగా కుదురుతుంది. చవగ్గా కావాలంటే కొవ్వొత్తుల మైనం ఉష్ణవాహకత కూడా దగ్గరదే, కానీ ఒక హెచ్చరిక. మైనం రకాన్ని బట్టి 46 నుంచి 68 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మన ఇసుక పైపొర 60 దాటిపోతుంది. రెండు సెం.మీ. లోతున పెట్టిన మైనం డమ్మీ సగం కరిగితే, కరగడానికి అది పీల్చుకునే వేడి మీ చిత్రంలో అసలు మందుపాతరకు ఉండని ప్రవర్తనను చూపిస్తుంది. పైపైన పాతే చిన్నవాటికి సిలికాన్, లోతుగా పాతే పెద్దవాటికి మైనం వాడితే ఇబ్బంది లేదు.

ప్రతి డమ్మీ మీద చెరిగిపోని పెయింట్‌తో నంబరు, "డమ్మీ, కాలేజీ ప్రాజెక్టు" అన్న మాట, ఒక ఫోన్ నంబరు రాయండి. ఫోటోలు తీసి, ఒక ఉత్తరంతో కలిపి దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లో ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. గ్రామంలో వీఆర్వోకీ, పక్క పొలం వాళ్లకూ నోటి మాటగానైనా చెప్పండి. గుండ్రటి డబ్బాలు మట్టిలో పాతుతున్న కుర్రాళ్లను చూస్తే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. ఆ టెన్షన్ ముందే తీర్చడం మన బాధ్యత.

అడుగు 3: పాతడం

ప్రయోగం నిలబడేదీ కూలేదీ ఇక్కడే. స్థలాన్ని మీటరు మీటరు గళ్లుగా తాళ్లతో విభజించండి. గళ్లలో నాలుగు రకాలు ఉండాలి.

మొదటి రకం డమ్మీ పాతినవి. చిన్నవి 1, 3, 5, 10 సెం.మీ. లోతుల్లో, పెద్దవి 5, 10, 15 సెం.మీ. లోతుల్లో పెట్టండి. లోతు అంటే డమ్మీ పై అంచు నుంచి నేల ఉపరితలం దాకా. రెండోది ఉత్త గుంటలు: అదే సైజులో తవ్వి ఏమీ పెట్టకుండా పూడ్చినవి. మూడోది మోసగించే వస్తువులు: గులకరాయి, రేకు డబ్బా, కొబ్బరి చిప్ప, ఖాళీ ప్లాస్టిక్ సీసా. నాలుగోది అసలు ముట్టని గళ్లు.

రెండో రకాన్ని చాలామంది వదిలేస్తారు, అది పెద్ద లోపం. ఉత్త గుంట కూడా డమ్మీ గుంటలాగే మెరుస్తుంటే మీరు పట్టింది తవ్వకాన్నే తప్ప మందుపాతరను కాదు. వారం తర్వాత, నీళ్లు చల్లి నేలను పూర్తిగా ఆరనిచ్చిన తర్వాత మళ్లీ చూడండి. ఉత్త గుంట మచ్చ వెలిసిపోయి డమ్మీ మచ్చ నిలిచి ఉంటే అప్పుడది వస్తువు సంకేతం.

గళ్ల మధ్య తిరగడానికి ఇటుకల మీద ఆనించిన చెక్క పలకలు వాడండి, ఇసుక మీద కాలు పెట్టొద్దు. పూడ్చాక పైపొరను చీపురుతో ఒకే దిశలో సరిచేయండి. ఏ గడిలో ఏముందో తెలిసిన మనిషి ఒక్కరే ఉండాలి. ఆ పటాన్ని కవరులో పెట్టి అంటించి గైడ్ దగ్గర ఉంచండి. చిత్రాలు చదివేవాళ్లు చివరిదాకా ఆ కవరు తెరవకూడదు.

ఒక ముట్టని గడిలో డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్లు మూడింటిని ఉపరితలం దగ్గర, 5 సెం.మీ., 10 సెం.మీ. లోతుల్లో పెట్టి ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో పది నిమిషాలకోసారి రికార్డు చేయించండి. మీ నేలలో వేడి అల ఎంత వేగంగా దిగుతోందో ఇవి చెబుతాయి. 8 సెం.మీ. అని నేను పైన వాడిన అంకె బదులు మీ నేల సొంత అంకె దొరుకుతుంది.

అడుగు 4: కెమెరా

లక్షలు పెట్టనక్కర్లేదు. ఫోనుకు తగిలించే 256×192 పిక్సెళ్ల కెమెరా, మూడు మీటర్ల ఎత్తు నుంచి పిక్సెల్‌కు సుమారు 1.1 సెం.మీ. చూపిస్తుంది. నేర్చుకోవడానికి చాలు. డ్రోన్ కోసమైతే 640×512 పిక్సెళ్ల మైక్రోబోలోమీటర్ (థర్మల్ కెమెరాలో వేడిని పట్టే సెన్సర్) చూడండి. ఏదైనా సరే రెండు విషయాలు అడిగి తీసుకోండి. ఎన్‌ఈటీడీ, అంటే గుర్తించగల కనిష్ఠ తేడా, 50 మిల్లీకెల్విన్ల కంటే తక్కువ ఉండాలి. ప్రతి పిక్సెల్ ఉష్ణోగ్రత విలువను ఫైల్‌లో దాచే రేడియోమెట్రిక్ సదుపాయం ఉండాలి. రంగుల బొమ్మ మాత్రమే ఇచ్చే కెమెరాతో లెక్కలు చేయలేం.

ఆన్ చేశాక ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వండి. మధ్యమధ్యలో టిక్కుమని షట్టర్ పడి కెమెరా తనను తాను సరిచేసుకుంటుంది. ఆ క్షణం ముందూ వెనకా ఉన్న ఫ్రేములను పక్కన పెట్టండి. ఆటో స్కేల్ తీసేసి ఉష్ణోగ్రత హద్దులు మీరే నిర్ణయించండి. ఆటోలో వదిలేస్తే ప్రతి ఫ్రేములో రంగుల అర్థం మారిపోయి, ఒక గంట చిత్రాన్ని ఇంకో గంట చిత్రంతో పోల్చలేం. ఎమిసివిటీ, అంటే ఒక ఉపరితలం ఉష్ణ వికిరణాన్ని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె, ఇసుకకు, మట్టికి 0.92 నుంచి 0.97 మధ్య ఉంటుంది. ఒక విలువ ఎంచుకుని ప్రయోగమంతా అదే ఉంచండి.

చిత్రంలో ఒక మూల బకెట్టెడు నీళ్లు పెట్టి అందులో థర్మామీటర్ వేయండి. నీటి ఎమిసివిటీ 0.98 దగ్గర కాబట్టి కెమెరా నిజం చెబుతోందో లేదో దాన్ని బట్టి తెలుస్తుంది. నాలుగు మూలలా అల్యూమినియం ప్లేట్లు పరచండి. అవి చల్లని ఆకాశాన్ని ప్రతిఫలించి నల్లగా కనిపిస్తాయి కనుక చిత్రాలను ఒకదాని మీద ఒకటి కచ్చితంగా పేర్చడానికి గుర్తులుగా పనికొస్తాయి.

అడుగు 5: ముందు స్తంభం మీద ఒక రోజు పూర్తిగా

డ్రోన్ ఎగరేయాలన్న తొందర అర్థం చేసుకోగలను. అయినా మొదటి రికార్డింగ్ కదలని స్తంభం మీదే చేయండి. ఇల్లు కట్టేవాళ్లు వాడే పరంజా నాలుగు మీటర్ల ఎత్తున కట్టి, దానికి అడ్డకర్ర బిగించి, దాని చివర కెమెరాను కిందికి చూసేలా పెట్టండి. పరంజాను స్థలానికి ఉత్తరం వైపు నిలబెడితే ఫిబ్రవరి నుంచి మార్చి సగం దాకా పరంజా నీడ గళ్ల మీద పడదు. కెమెరా మరీ ఏటవాలుగా ఉంటే నేల మీద ఆకాశపు ప్రతిఫలనం పెరిగి విలువలు తప్పుతాయి.

మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి మర్నాడు మూడు దాటే వరకు పది నిమిషాలకో చిత్రం తీయండి. ఫిబ్రవరి చివర విజయవాడలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో, అస్తమయం ఆరుంబావు ప్రాంతంలో అవుతుంది. సాయంత్రం క్రాసోవర్ అస్తమయానికి అటూ ఇటూ, ఉదయం క్రాసోవర్ సూర్యోదయమైన గంట రెండు గంటల్లో కనిపించాలి. మీ నేలలో అసలు ఏ నిమిషానికి వచ్చిందో రాసుకోండి. అది తెలిస్తే డ్రోన్ ఎప్పుడు ఎగరేయకూడదో తెలిసినట్టే.

పైపైన పాతినవి మధ్యాహ్నం తెల్లగా, రాత్రి నల్లగా చక్కగా తేలతాయి. లోతైనవాటి కోసం చీకటి పడ్డాక కొన్ని గంటలు ఓపిక పట్టాలి. రాత్రి చిత్రాలకు ఇంకో మేలుంది: ఎండ, నీడ, గులకరాళ్ల మెరుపు ఏవీ ఉండవు. పగటి చిత్రంలో సంకేతం పెద్దది, దానితో పాటు గోల కూడా పెద్దదే. తెల్లవారుజామున సంకేతం చిన్నదైనా నేల ప్రశాంతంగా ఉంటుంది. రెంటిలో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే నేను రాత్రినే ఎంచుకుంటాను.

అడుగు 6: డ్రోన్

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ స్థలం ఏ జోన్‌లో పడుతుందో ఎగరేసే రోజునే చూసుకోండి. గన్నవరం విమానాశ్రయం వల్ల విజయవాడ తూర్పు వైపు ఆంక్షలు ఎక్కువ. అనుమతి లేని జోన్‌లో పది మీటర్ల ఎత్తు కూడా నేరమే. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది, పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రం అనుమతితో మినహాయింపు. విడిభాగాలకు ఆ నిషేధం లేదు. ఇక్కడే కట్టిన డ్రోన్‌కు థర్మల్ మాడ్యూల్ బిగించుకోవడం విద్యార్థులకు సులువైన దారి. చీకట్లో ఎగరేయాలంటే కాలేజీకీ పోలీసులకూ ముందే రాతపూర్వకంగా చెప్పి, వాళ్లు సరే అన్నాకే.

ఎత్తు లెక్క ఇలా వేయాలి. 12 మైక్రాన్ల పిక్సెల్, 13 మి.మీ. లెన్సు ఉన్న కెమెరా పది మీటర్ల ఎత్తులో పిక్సెల్‌కు 0.92 సెం.మీ. నేల చూస్తుంది, ముప్పై మీటర్లలో 2.8 సెం.మీ. వస్తువు మీద అడ్డంగా కనీసం ఎనిమిది పది పిక్సెళ్లు పడాలి. అంటే 32 సెం.మీ. పెద్ద డమ్మీకి ముప్పై మీటర్లు చాలు, 11 సెం.మీ. చిన్నదానికి పది మీటర్లకు దిగాలి. పది మీటర్ల ఎత్తులో ఒక చిత్రం వెడల్పు ఆరు మీటర్లలోపే. అందుకని డ్రోన్‌ను నాగలి చాళ్లలా పక్కపక్కనే తిప్పుతూ, చిత్రానికీ చిత్రానికీ 80 శాతం అతివ్యాప్తి ఉండేలా, సెకనుకు ఒకటి రెండు మీటర్ల వేగంతో పోనివ్వండి. వేగం పెరిగితే మైక్రోబోలోమీటర్ చిత్రం అలుక్కుపోతుంది. మరీ కిందికి దించితే రెక్కల గాలి ఇసుకను చల్లబరిచి, లేపి, మీ మచ్చలను మీరే చెరిపేసుకుంటారు.

ఒకే దారిలో కనీసం మూడు వేళల్లో ఎగరేయండి: మధ్యాహ్నం దాటాక, రాత్రి తొమ్మిది పది మధ్య, తెల్లవారుజామున.

అడుగు 7: చిత్రాల నుంచి మచ్చల దాకా

డ్రోన్ చిత్రాలను వెబ్‌ఓడీఎం అనే సాఫ్ట్‌వేర్‌లో కలిపి ఒకే పటం చేసి, పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో పొరలుగా పేర్చండి. స్తంభం చిత్రాలకు పైథాన్, ఓపెన్‌సీవీ సరిపోతాయి.

మొదటి లెక్క అందరూ చేయగలది. డమ్మీ సైజు వృత్తం తీసుకుని లోపలి సగటు ఉష్ణోగ్రత నుంచి చుట్టూ ఉన్న వలయం సగటును తీసేయండి. వచ్చినదాన్ని వలయంలోని ప్రామాణిక విచలనంతో భాగించండి. ఈ వృత్తాన్ని పటమంతా జరుపుకుంటూ పోతే ఎక్కడ తేడా ఎక్కువో తేలుతుంది. దీని బలహీనత రాళ్లు. ఎండలో రాయి కూడా మచ్చే.

రెండో లెక్క ఒక రోజు మొత్తాన్ని వాడుకుంటుంది, నాకు ఎక్కువ నమ్మకం దీని మీదే. ప్రతి పిక్సెల్‌కు 24 గంటల ఉష్ణోగ్రత వక్రం ఉంది కదా, దానికి ఒక సైన్ తరంగాన్ని అమర్చండి. రెండు అంకెలు వస్తాయి: ఉష్ణోగ్రత ఎంత ఎత్తున ఊగింది, శిఖరం ఏ గంటకు వచ్చింది. ఈ రెండింటినీ వేర్వేరు పటాలుగా గీయండి. ఉపరితలం మీది రంగు తేడా లేదా చిన్న రాయి ఒక తీరుగా, పాతిన వస్తువు ఇంకో తీరుగా శిఖర సమయాన్ని మారుస్తాయి. ఏ ఒక్క ఫోటోలోనూ కంటికి ఆనని పెద్ద డమ్మీ సమయం పటంలో బయటపడే అవకాశం ఉంది. చిత్రాలన్నిటిలోని మార్పును కొన్ని ప్రధాన భాగాలుగా (కాంపోనెంట్లుగా) విడదీసే ప్రిన్సిపల్ కాంపోనెంట్ విశ్లేషణ కూడా ఇలాంటి ఫలితమే ఇస్తుంది. మొదటి కాంపోనెంట్ పిక్సెళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పగలు రాత్రి మార్పును తీసుకుపోతే, రెండు మూడు కాంపోనెంట్లలో మచ్చలు మిగులుతాయి.

డీప్ లెర్నింగ్ గురించి ఒక్క మాట. ఒకే స్థలంలో ఒకే రాత్రి తీసిన ఫ్రేములను సగం శిక్షణకు, సగం పరీక్షకు పంచి తొంభై తొమ్మిది శాతం వచ్చిందని రాయకండి. మోడల్ ఆ స్థలాన్ని బట్టీ పట్టిందంతే. శిక్షణ ఒక స్థలంలో, పరీక్ష వేరే స్థలంలో, వేరే రోజున జరగాలి. మనుషుల ప్రాణాలతో ముడిపడిన పనిలో అంకెను పెద్దది చేసి చూపించడం తప్పు.

బయట ఇంతవరకు ఏం జరిగింది

అమెరికాలోని బింగమ్టన్ విశ్వవిద్యాలయంలో అలెక్స్ నికులిన్, తిమోతీ డి స్మెట్, వాళ్ల విద్యార్థి జాస్పర్ బౌర్ చిన్న డ్రోన్‌కు థర్మల్ కెమెరా తగిలించి పీఎఫ్ఎం-1 అనే సోవియట్ మందుపాతరల పేలని నమూనాలను గుర్తించారు. ఆ పరిశోధన 2018లో వచ్చింది. సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఈ ప్లాస్టిక్ మందుపాతరను విమానాల నుంచి వెదజల్లేవారు కనుక అది ఎక్కువగా నేల మీదే పడి ఉంటుంది. పిల్లలు బొమ్మ అనుకుని ముట్టుకుంటారు. ఉత్తర చాద్ ఎడారిలో హ్యూమానిటీ అండ్ ఇంక్లూజన్ సంస్థ అసలు మందుపాతరల మీదే థర్మల్ డ్రోన్లను పరీక్షించి, ఇసుక కింద పాతినవాటి జాడలను పట్టగలిగింది. చాద్ ఎడారిలో నేల పొడి, మొక్కలు తక్కువ. పచ్చగా ఉండే కృష్ణా డెల్టా లాంటి నేలలో ఏ మేరకు పనిచేస్తుందో కొలిచి చూపించడం మన విద్యార్థులు నిజంగా అందించగల కొత్త సమాచారం.

అడుగు 8: కవరు తెరవడం, ఫలితం రాయడం

మీ అనుమానపు గుర్తుల జాబితా పూర్తయ్యాకే కవరు తెరవండి. గుర్తుకూ అసలు డమ్మీకీ ఎంత దూరం ఉంటే దొరికినట్టు లెక్కించాలో, ఉదాహరణకు 20 సెం.మీ., ముందే రాసి పెట్టుకోవాలి. తర్వాత సడలించకూడదు. మొత్తంలో ఎన్ని దొరికాయన్న ఒక్క అంకె చాలదు. లోతు వారీగా, నేల వారీగా, గంట వారీగా విడదీసి రాయండి. చదరపు మీటరుకు ఎన్ని తప్పుడు గుర్తులు వచ్చాయో పక్కనే ఉండాలి. అవి ఎక్కువైతే క్షేత్రంలో పనిచేసేవాళ్లకు మీ పటం భారమే అవుతుంది, ప్రతి తప్పుడు గుర్తు దగ్గరా ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని తవ్వాల్సిందే కదా. దొరకని డమ్మీల గురించి దొరికినవాటి కంటే ఎక్కువ రాయండి: ఎంత లోతు, చెమ్మ ఎంత, మబ్బు పట్టిందా, ఏ గంట.

చివరగా, గడి గడి తవ్వి డమ్మీలన్నీ బయటికి తీయండి. కవరులోని పటం ప్రకారం నంబర్లు సరిచూసుకుని, ఒక్కటి తగ్గినా అది దొరికేదాకా కంచె విప్పొద్దు. మోసగించే వస్తువులూ సెన్సర్లూ తీసి, గుంటలు పూడ్చి, నేలను రైతుకు అప్పగించాక, పని ముగిసిందని పోలీసు స్టేషన్‌లో ఇంకో ఉత్తరం ఇవ్వండి.